బండక్క తగ్గింది

"కూర్చో తమ్ముడూ, నిలబడి చూస్తే నీ చొక్కా తొందరగా అవుతుందా ఏమిటి? ఆ మూట మీద కాదు, అవి మడతలు పెట్టేసినవి. ఆ ముక్కాలిపీట లాక్కో. ఆఁ, అలాగ. ఇప్పుడు చెప్పు, ఆ మలుపులో వస్తున్నది ఎవరు? మీ బావేనా?"

పుస్తకాలకు అట్టలు వేసే ఆయన మెడ తిప్పి చూశాడు.

"కాదక్కా, పాలాయన."

"నెత్తిన మూటలా కనిపిస్తేనూ."

"సైకిలు మీద క్యానక్కా అది."

బండక్క గిన్నెలో వేళ్ళు ముంచి చొక్కా మీద నీళ్ళు చిలకరించింది. కాలరు కొసలు రెండూ వేలితో తడిమి చూసుకుని, కొస నుంచి మధ్యకి ఇస్త్రీ పెట్టె తోసింది. ఒకప్పుడు వీధిలో వచ్చేపోయేవాళ్ళని చూస్తూ, వాళ్ళతో పరాచికాలాడుతూ చేసే పని ఇది. ఇప్పుడు కాలరు ఎక్కడ మొదలవుతుందో చేతికి తెలియాలి తప్ప కంటికి ఆనదు. ఒకప్పుడు నిలబడి చేసేది. ఇప్పుడు ఇంటి వసారాలో ఎత్తు పీట మీద కూర్చుని చేస్తోంది. కుడికాలి కింద ఇంకో చిన్న పీట, దాని మీద మెత్తటి పాత గుడ్డ, ఆ గుడ్డ మీద సగమే మిగిలిన పాదం.

"నీ బట్టలకెప్పుడూ ఈ జిగురే తమ్ముడూ. దీని మీద పెట్టె పెడితే అంటుకుపోయి కూర్చుంటుంది. పుస్తకాలకి పూస్తావా, నువ్వే పూసుకుంటావా?"

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. మొగుడు పొద్దున అనగా వెళ్ళాడు. ఎండ నడినెత్తికెక్కింది. మనిషి జాడ లేదు.

కొత్తగా వీధిలోకి వచ్చినవాళ్ళు, ఇస్త్రీ బండి ఉంది కాబట్టి ఈమెని బండక్క అంటారనుకుంటారు. ఆ బండి రాకముందు నుంచీ, ఇంటి వసారాలో బల్లేసుకుని ఇస్త్రీ చేసే రోజుల నుంచీ ఆమె బండక్కే. బండి వల్ల వచ్చిన పేరు కాదు, ఒంటి వల్ల వచ్చింది. తర్వాత బండి కొన్నారు గనక, పేరుకి కాస్త పరువు దక్కింది. "ఇదిగో, ఇప్పుడెవరైనా అడిగితే బండి మీదకి నెట్టేయొచ్చు" అని తనే నవ్వేది. తన మీద ఎవరైనా జోకు వేసేలోపు తనే వేసుకోవడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటు.

కాపురానికొచ్చిన రోజున మొగుడి అక్క గుమ్మంలోనే అంది, "ఇద్దరు పడుకునే మంచం కొన్నాం. ఇప్పుడు మా తమ్ముడు ఎక్కడ పడుకోవాలమ్మా?" ఇల్లంతా గొల్లుమంది. బండక్క కూడా నవ్వింది. నవ్వనివాడు పెళ్ళికొడుకొక్కడే. గడకర్రలా ఉండే ఆ మనిషి తల వంచుకుని చెప్పులు సర్దుకుంటూ ఉండిపోయాడు. అతనిది అదే తీరు. ఇళ్ళకి తిరిగి బట్టలు పోగు చేసుకు రావడం, ఇస్త్రీ అయ్యాక మళ్ళీ మోసుకెళ్ళి ఇచ్చి రావడం, నడుమ నాలుగు మాటలు కూడా లేకపోవడం.

ఈ ఒళ్ళు తిండి వల్ల వచ్చిందని వీధంతా గట్టిగా నమ్మింది. నిజానికి ఆమె నలుగురిలో ఎప్పుడూ రెండోసారి వడ్డించుకున్నది లేదు. పొద్దుట బొగ్గులు రాజేసింది మొదలు దీపాలు పెట్టేదాకా నిలువుకాళ్ళ మీద, ఏడాది బిడ్డంత బరువున్న ఇస్త్రీ పెట్టెని ముందుకీ వెనక్కీ తోస్తూనే ఉండేది. ఆ మాటే ఒకసారి, కండలు పెంచే కుర్రాళ్ళకి కసరత్తు నేర్పే ఆయనతో అంది.

"అది పనమ్మా, కసరత్తు కాదు" అన్నాడాయన. "కసరత్తంటే తెల్లారి బూట్లేసుకుని చేసేది."

"బూట్లేసుకుని ఇస్త్రీ చేస్తే లెక్కలోకొస్తుందా అయితే?"

ఆయనకి కోపం వచ్చింది. బండక్క నాలిక్కరుచుకుని, ఆయన ప్యాంటుకి మడత ఇంకాస్త పదునుగా పెట్టి పంపింది.

మూట తెచ్చిన ప్రతివాళ్ళూ మూటతోపాటు ఒక చిట్కా కూడా తెచ్చేవాళ్ళు. వకీలు గుమస్తా రాత్రి తిండి మానేయమన్నాడు. బడిపంతులమ్మ పొద్దుటి తిండి మానేయమంది. ఇద్దరి మాటా కాదనలేక రెండూ మానేసి చూసింది. మధ్యాహ్నం కళ్ళు తిరిగి కూర్చుంటే, "అదిగో, కొవ్వు కదులుతోంది" అన్నారు. ఒకరు మంచినీళ్ళు తగ్గించమన్నారు, నీరు ఒంట్లో నిలిచిపోతుందట. ఇంకొకరు కడవలకి కడవలు తాగమన్నారు. మూలమీది మేడావిడ చెమట సంగతి చెప్పింది. ఆవిడ ఏం చెప్పినా జడ్జీ తీర్పు చెప్పినట్టుంటుంది. "చెమటంటే ఏమిటనుకున్నావ్? కరిగిన కొవ్వే. ఎంత కారితే అంత."

అంతే. వాన పడితే చేసిన బట్టల మీద కప్పే ప్లాస్టిక్ కాగితం ఉంటుంది కదా, బండక్క దాన్ని కత్తిరించి, కట్టుకున్న బట్టల లోపల నడుం చుట్టూ బిగించి కట్టుకుంది. పైన ఎండ, ఎదురుగా బొగ్గుల సెగ, లోపల ప్లాస్టిక్. సాయంత్రానికి బట్టలు పిండితే నీళ్ళు కారేవి. మందుల షాపులో బరువు తూచే యంత్రమెక్కితే ముల్లు కాస్త వెనక్కి జరిగేది. ఇంటికొచ్చి రెండు చెంబులు నీళ్ళు తాగేసరికి పోయిందంతా మళ్ళీ వచ్చి కూర్చునేది. ఒళ్ళంతా పొక్కులు మాత్రం మిగిలాయి.

"ఎంత పిచ్చిదాన్నో చూడు తమ్ముడూ. ప్లాస్టిక్ చుట్టుకుని కుతకుత ఉడికాను."

చివరికి అందరి మాటా కుదిరిన చిట్కా ఒకటి దొరికింది. రాత్రి తిండికి బదులు పళ్ళరసం, పొద్దున్నే వేడినీళ్ళలో తేనె. చక్కెర అయితే చెడుపు గానీ, పండులో తీపీ తేనెలో తీపీ దేవుడిచ్చినవి, ఎంత తాగినా ఏమీ చెయ్యవు. వీధిలో ఎవర్నడిగినా అదే మాట. బండక్కకి అది ప్రాణానికి హాయిగా కూడా ఉంది.

ఆ తర్వాతే ఆమె తగ్గడం మొదలుపెట్టింది.

మొదట ఎవరూ గమనించలేదు. గాజులు మోచేతి దాకా జారడం చూసి ముందు ఆమే గమనించింది. దాహం పట్టుకుంది. నీళ్ళు ఎంత తాగితే అంత మంచిదని విని ఉంది గనక ఆనందంగా తాగింది. గడియకోసారి దొడ్లోకి పరిగెత్తాల్సి వచ్చింది. ఒంట్లో చెత్తంతా పోతోందన్నారు. కాళ్ళు పీకేవి. ఇన్నాళ్ళ బరువు దిగుతుంటే ఆ మాత్రం ఉండదా అనుకుంది. అరికాళ్ళలో తిమ్మిరి, చీమలు పాకినట్టు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. జబ్బు ఒక్కో గుర్తూ చూపిస్తుంటే, వీధి ఒక్కోదానికీ ఒక శుభవార్త చదివి వినిపించింది.

ఇక పొగడ్తలు! పుట్టి బుద్ధెరిగాక అలాంటి మాటలు ఆమె వినలేదు. "ఏమిటి తల్లీ, గుర్తుపట్టలేకపోయాను" అంది పంతులమ్మ. కసరత్తు మేష్టారు ఆగి మరీ నమస్కారం పెట్టాడు. మేడావిడ "నేను చెప్పలేదూ!" అని, ఆమె భుజం పట్టుకుని గుండ్రంగా తిప్పి చూసింది. ఒకరిద్దరు బండక్క అనడం మానేసి ఒట్టి 'అక్కా' అన్నారు. ఆడపడుచు తన బట్టల పెట్టెలోంచి ఒక మంచి రవిక తెచ్చి "నాకు బిగుతయిపోయింది, నువ్వు తొడుక్కోవే" అంది. ఆ రవిక తనకి పట్టింది! బండక్క ఆ రోజు ఇస్త్రీ చెయ్యలేదు. తలుపేసుకుని, చిన్న అద్దం గోడకి ఆనించి, వెనక్కీ ముందుకీ నడుస్తూ తనని తాను చూసుకుంది.

మొగుడొక్కడే, ఒకరోజు మూట దించుతూ ఆమె వైపు చూసి, "చిక్కిపోయావే" అన్నాడు.

ఆ మాటకి ఆమెకి ఎక్కడలేని కోపం వచ్చింది. "ఊరంతా తగ్గావంటోంది, చక్కగా ఉన్నావంటోంది. నీకే ఓర్వలేనితనం! లావుగా ఉన్నన్నాళ్ళూ ఒక్క మాట అన్నావా? ఇప్పుడొచ్చావు!" అని ఎగిరిపడింది. కాపురంలో మొగుడి మీద గొంతెత్తింది అదే మొదలు. అతను మూట విప్పి బట్టలు వేరు చేయసాగాడు. తెల్లవి ఒకవైపు, రంగువి ఒకవైపు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే బల్ల మీద ఒరిగిపోయింది. చేతిలోంచి జారిన పెట్టె ఎవరిదో తెల్ల చొక్కా వీపుని నల్లగా మాడ్చేసింది. బట్టల మూట మోసినట్టే అతను ఆమెని వీపున వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. మోయగలిగాడంటే ఎంత తగ్గిపోయి ఉందో చూడు.

డాక్టరమ్మ షుగరంది. ఇవాళొచ్చింది కాదు, ఏళ్ళ తరబడి చప్పుడు చెయ్యకుండా కూర్చుందంది. తిన్నది ఒంటికి పట్టక, ఒళ్ళు తనని తానే తినేస్తోందని, అందుకే ఇలా అయిపోయావని చెప్పింది. ఇక రోజూ సూది. "సూది వేసుకుంటే కాస్త ఒళ్ళొస్తుంది, భయపడకు. అది పోయిన బలం తిరిగి రావడమే" అని కూడా చెప్పింది. ఆ మాటలో మొదటి సగమే బండక్క చెవిలో పడింది.

ఒళ్ళొచ్చింది. దాహం పోయింది, నిద్ర పట్టింది, ముఖంలో కళ తేరింది. వీధి చూసింది మాత్రం నడుమునే. "అయ్యో, మళ్ళీ వచ్చేశావే!" "నోరు కట్టుకోలేకపోయావా?" "పడ్డ కష్టమంతా పాయె!" ఒకరిద్దరి నోట అక్కగా మారిన మనిషి మళ్ళీ బండక్క అయింది. ఆడపడుచు వచ్చి పక్కన కూర్చుని గొంతు తగ్గించి చెప్పింది, "ఆ సూది ఒకసారి మొదలైందంటే ఇక చివరిమెట్టేనటే. అలవాటైపోయి వదలదట. ఒళ్ళు కూడా దానివల్లేనే. మానెయ్, చేదు కషాయాలు తాగు." చెడు కోరి చెప్పింది కాదు పాపం. ఆసుపత్రిలో మంచం పక్కన తెల్లవార్లూ కూర్చున్నది ఆవిడే.

బండక్క మొగుడితో, "రోజూ నీకెందుకు శ్రమ, నేనే పొడుచుకుంటాలే" అంది. అతను నమ్మాడు. ఆమె సూదిలోకి మందు ఎక్కించి, దొడ్లోకి వెళ్ళి, తూములో వదిలేసి వచ్చేది.

మళ్ళీ తగ్గింది. మళ్ళీ అందరూ మెచ్చుకున్నారు.

ఆసుపత్రి నర్సు అక్కడికి రాలేని రోగులకి ఫోన్లు చేసి కనుక్కుంటూ ఉండేది. మంచి పిల్ల, కానీ ఒకరి తర్వాత ఒకరికి చెయ్యాలి, తీరిక ఉండదు.

"తగ్గిందా అమ్మా?"

"బాగా తగ్గిందమ్మా!" అంది బండక్క మురిసిపోతూ.

"బాగా అంటే?"

"చూసినవాళ్ళంతా ఆశ్చర్యపోతున్నారు తల్లీ."

"చాలా సంతోషం. అలాగే ఉంచుకోండి."

ఒకామె జబ్బు గురించి అడిగింది. ఇంకొకామె నడుము గురించి చెప్పింది. ఇద్దరూ సంతోషంగా ఫోను పెట్టేశారు.

ఈ సంగతి చెబుతున్నప్పుడు అట్టలాయన నవ్వబోయి, బండక్క ముఖం చూసి ఆగిపోయాడు. ఆమె పెట్టె మూత తీసి, బొగ్గుల మీది బూడిద విసనకర్రతో విసిరి మళ్ళీ మూసింది.

"మాడు వాసన తెలుసు కదా తమ్ముడూ. నూలు మాడితే ఒక వాసన, ఉన్ని మాడితే ఇంకోటి, నైలాను అయితే ముక్కు పగిలిపోతుంది. కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. ఆ రోజు ఏదో మాడుతోంది. చేతి కింది బట్ట చూశాను, బానే ఉంది. మూటలన్నీ విప్పి వెతికాను. మేడావిడ దుప్పట్లు కూడా దులిపాను. ఎక్కడా లేదు. ఏ గుడ్డదో ఆ వాసన ఎంతకీ పోల్చుకోలేకపోయాను."

మొగుడు మూటతో వచ్చి, బల్ల కిందకి చూసి, మూట వదిలేశాడు. పెట్టెలోంచి జారిన నిప్పుకణిక ఒకటి ఆమె కాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య కూర్చుని ఉంది. ఆమెకి నొప్పి లేదు. చురుక్కు కూడా అనలేదు. ఆ కాలు ఎప్పుడు తనది కాకుండా పోయిందో ఆమెకి తెలియలేదు.

పుండు మానలేదు. ముందు వేళ్ళు తీశారు, తర్వాత సగం పాదం. కళ్ళలో పొర కమ్మినట్టయింది, దానికి మందు లేదన్నారు. మందు తూములో పోసిన సంగతి బయటపడ్డాక, ఇంకోసారి సూది మానితే కాలో ప్రాణమో చెప్పలేమని డాక్టరమ్మ మొగుడితో అంది. అప్పటి నుంచి సూది అతని చేతిలోకి వచ్చింది. చొక్కాకి గుండీ పెట్టినంత నెమ్మదిగా పొడుస్తాడు.

"మరి ఇవాళేమైందక్కా?" అన్నాడు అట్టలాయన.

బండక్క రెండో చొక్కా చేతి మడత సరిచేసింది.

"నిన్న మేడావిడ వచ్చింది. ఆవిడ గొంతు పట్టి పోల్చాను. 'మళ్ళీ ఒళ్ళు చేశావే, జాగ్రత్త' అని పోయింది. అంతే మాట. రాత్రంతా అది నమిలాను. పొద్దున మీ బావ సూది పట్టుకొస్తే చెయ్యి లాక్కున్నాను. ఇవాళ వద్దన్నాను. కాలు లేదు, చూపు లేదు, ఇక సన్నగానైనా ఉండనీయవయ్యా అన్నాను."

"బావేమన్నాడు?"

"ఏమంటాడు? సూది డబ్బాలో పెట్టేశాడు. మూట ఎత్తుకున్నాడు. గంజి కాచి ఉంచాను, తాగలేదు. వెళ్ళొస్తాననలేదు. ఇన్నేళ్ళలో ఆ మాట చెప్పకుండా గడప దాటిన మనిషి కాదు. తిడితే బాగుండేది తమ్ముడూ, రెండు దెబ్బలేసినా బాగుండేది."

వీధిలో ఎవరో నడిచిపోయారు. బండక్క చెవి రిక్కించి, ఆ నడక అతనిది కాదని తేల్చుకుంది.

"మా అమ్మ ఉండేది. ఎవరు గుమ్మంలోకొచ్చినా ముందు ముఖం పట్టుకుని 'చిక్కిపోయావేమ్మా' అనేది. ఎంత బలిసి వచ్చినా అదే మాట. నవ్వుకునేవాళ్ళం. చిక్కావంటే నువ్వు తరిగిపోతున్నావు, నాకు బెంగగా ఉంది అని. ఆ మాట ఆవిడ పోయాక నాతో అన్నది ఈయనొక్కడే. అన్నందుకు నోటికొచ్చినట్టు తిట్టాను. పొగిడినవాళ్ళనేమో నెత్తిన పెట్టుకున్నాను."

బండక్క చొక్కా తిరగేసింది. "కాలు తీసిన రోజున మంచం పక్కన కూర్చుని ఒక మాటన్నాడు. నేను నిద్రపోతున్నాననుకున్నాడు. 'ఇంట్లో నువ్వుంటే ఉన్నట్టు తెలిసేది. అడుగేస్తే నేల తెలిసేది, పక్కకి తిరిగితే మంచం తెలిసేది. ఇప్పుడు చీకట్లో చెయ్యి చాపి వెతుక్కోవాల్సి వస్తోంది' అని. అదీ మీ బావ. అన్నేళ్ళలో అంత పొడుగు మాట మాట్లాడింది అప్పుడే."

ఆమె చొక్కా రెండు చేతులూ వెనక్కి మడిచి, నడుమన మడిచి, అరచేత్తో ఒకసారి అదిమింది. మడత ఒకవైపు కాస్త వంకరపోయింది. అట్టలాయన చూశాడు గానీ చెప్పలేదు.

"ఒకసారి లేచి బయటికెళ్ళి చూడు తమ్ముడూ. మలుపు ఒక్కటే కాదు, రెండువైపులా చూడు."

ఆయన లేచి వీధిలోకి వెళ్ళాడు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"కుళాయి దగ్గర గట్టు మీద ఎవరో కూర్చున్నారక్కా. పక్కన మూటుంది."

"తల వంచుకున్నాడా?"

"ఆఁ."

"మూట విప్పి ఉందా, కట్టే ఉందా?"

"కట్టే ఉందక్కా. పెద్ద మూటే."

బండక్క చేతిలో పెట్టె ఆగిపోయింది. అంటే పొద్దున పట్టుకెళ్ళిన బట్టలు ఒక్క ఇంటికీ ఇవ్వలేదు. ఎక్కడికీ పోలేదు. తన గుమ్మం కనబడేంత దూరంలో, ఖాళీ కడుపుతో, ఎండలో, ఇటు తిరిగి కూర్చున్నాడు. తనకే కనబడలేదు.

ఆమె పెట్టెని ఇనప స్టాండు మీద పెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటో, ఇంకేమిటో. గోడ పట్టుకుని లేవబోయి, కాలు మాట వినక మళ్ళీ కూలబడింది.

"నేను వెళ్ళగలిగితే నేనే వెళ్దును. నువ్వెళ్ళు తమ్ముడూ. చొక్కాలు ఇక్కడే ఉండనీ, తర్వాత తీసుకుందువు గాని."

"ఏమని చెప్పనక్కా? సూది వేయించుకుంటానందని చెప్పనా?"

"వద్దు. పొద్దున అన్న మాట ఇంకా పచ్చిగానే ఉంది, నమ్మడు. బతిమాలకు, నచ్చజెప్పకు. సూది పడితే గానీ నేను ముద్ద ముట్టకూడదని ఆయనకి తెలుసు. దగ్గరికెళ్ళి కూర్చుని ఒక్క మాట చెప్పు చాలు. మీ ఆవిడకి ఆకలేస్తోందని చెప్పు."